విద్యాపీఠాలు - వాటి బయళ్ళు

విశ్వవిద్యాలయ ప్రాంగణాల నిర్మాణాన్ని గురించిన గ్రంథాలను తెలుగు చేసేటప్పుడు ఒక మాట దగ్గర అనువాదకుని కలం ఆగుతుంది. భవనాల మధ్య కట్టడం లేకుండా ఉంచిన నేలను ఏమనాలి? సాధారణంగా మనం "ఖాళీ స్థలం" అని రాసి ముందుకు సాగిపోతాం. ఖాళీ అనేది అరబీ నుండి మనకు వచ్చిన పదం. ఏమీ లేనిది, ఎవరూ లేనిది అని దాని భావం. ఈ మాట ఒకసారి పటం మీదికి ఎక్కిందంటే ఆ నేలకు ఆయుష్షు తక్కువే. ఖాళీగా ఉన్న కుర్చీ కనబడితే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు గదా!

నిజానికి అరబీలో ఇలాంటి నేలకు వేరే పేర్లున్నాయి. మస్జిద్ ముంగిలి 'సహన్'. ఇంటి గోడకు ఆనుకొని, బాటకు ఇవతల, ఇంటివారి వాడుకలో ఉండే నేల 'ఫినా'. బావి చుట్టూ, ఊరి చుట్టూ ఇతరులెవరూ ఆక్రమించరాదని ధర్మశాస్త్రం విడిచిపెట్టించే నేల 'హరీమ్'. తెలుగులో మాత్రం తక్కువా? ముంగిలి, వాకిలి, పెరడు, కళ్ళం, మందబయలు, రచ్చ - ఒక్కొక్క దానికి ఒక్కొక్క పని. ఊరి రచ్చను ఎవరైనా "ఖాళీ స్థలం" అన్నారా? ఈ వ్యాసంలో నేను 'బయలు' అనే మాటను వాడుతున్నాను. అది లేమిని సూచించదు.

ఇక విషయంలోకి వద్దాం. విశ్వవిద్యాలయమనేది పూర్తి అయ్యే కట్టడం కాదు. ఒక ఇంటిని కట్టి, గృహప్రవేశం చేసి, ఇక అయిపోయిందనుకోవచ్చు. విద్యాపీఠం అలా కాదు. వంద సంవత్సరాలు గడిచినా ఇంకా ఏదో ఒక మూల ఇటుకలు దిగుతూనే ఉంటాయి. స్థాపకులు ఊహించని శాస్త్రాలు పుడతాయి, ప్రయోగశాలలు కావలసి వస్తాయి, విద్యార్థినుల సంఖ్య పెరిగి కొత్త వసతిగృహాలు లేస్తాయి. కనుక ముప్పై ఏళ్ళ తరువాత ఏ భవనం ఎక్కడ ఉండాలో ఈ రోజే గీసిపెట్టిన పటం పదేళ్ళలోనే చిత్తుకాగితం అవుతుంది. పటం వమ్ము అయ్యాక మిగిలేది అవసరాన్ని బట్టి, అందుబాటును బట్టి ఎక్కడ పడితే అక్కడ కట్టడం. దీనికి విరుగుడుగా నిర్మాణవేత్తలు ఆలోచించిన పద్ధతి సరళమైనది: భవనాలను ముందుగా నిర్ణయించకండి, బయళ్ళను నిర్ణయించండి. కదలనివి అవి. భవనాలు వాటి అంచుల మీద, అవసరమైనప్పుడు, ఒకటొకటిగా వస్తాయి.

ముస్లిం పాఠకులకు ఇది కొత్త సంగతిగా తోచదు. మదీనాలో దైవప్రవక్త ముహమ్మద్ (స) నిర్మించిన మస్జిద్ ప్రధానంగా గోడలు కట్టిన ఒక బయలు. ఒక పక్క ఖర్జూరపు మానుల మీద నిలిపిన నీడ. ఆ ఆవరణలోనే ఒక పక్క 'సుఫ్ఫా' ఉండేది. ఇల్లూవాకిలీ లేని సహాబాలు అక్కడ ఉంటూ విద్య నేర్చుకున్నారు. తరువాతి ఖలీఫాల కాలంలో మస్జిద్ విస్తరించింది. నీడ పెరిగింది, సహన్ నిలిచింది.

స్పెయిన్‌లోని కొర్దోవా జామె మస్జిద్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 8వ శతాబ్దం చివర మొదటి అబ్దుర్రహ్మాన్ దాన్ని ప్రారంభించాడు. జనం పెరిగారు. 9వ శతాబ్దంలో నమాజు మంటపాన్ని దక్షిణంగా పొడిగించారు. 10వ శతాబ్దంలో ఖలీఫా రెండవ హకమ్ మరికొంత పొడిగించాడు. అప్పటికి కట్టడం నది వైపు పల్లానికి చేరుకుంది. 987లో అల్-మన్సూర్ మళ్ళీ పెంచదలచినప్పుడు ఆ దిక్కున చోటు లేదు. ఉత్తరాన విశాలమైన సహన్ ఉంది, అందులోకి చొచ్చుకుపోవటం ఎంతో తేలిక. ఆయన అలా చేయలేదు. తూర్పు వైపు నేల సంపాదించి మంటపాన్ని అటు వెడల్పు చేశాడు, మంటపంతోపాటు సహన్‌ను కూడా అదే మేరకు వెడల్పు చేశాడు. లోపల జనం పెరిగితే బయట గాలి కూడా పెరగాలన్న లెక్క అది. ఈనాటి ప్రాంగణ నిర్మాతలు ఏ గ్రంథంలో వెదకినా ఇంతకంటే చక్కని సూత్రం దొరకదని నా అభిప్రాయం.

కైరోలోని అల్-అజ్‌హర్ 10వ శతాబ్దం నాటిది. 14వ శతాబ్దంలో దానికి తైబర్సియా, అఖ్‌బుగావియా అనే రెండు మదర్సాలు చేరాయి. అవి చేరినది అంచున, ప్రధాన ద్వారానికి ఇరుపక్కలా. నడిమి సహన్‌లోకి కాదు. మనకు దగ్గరలో బీదర్‌లో మహ్మూద్ గవాన్ 1472లో కట్టించిన మదర్సా ఉంది. నడుమ చతురస్రమైన ముంగిలి, నాలుగు వైపులా దాని వైపు తిరిగిన గదులు. 1696లో జరిగిన ప్రేలుడులో కొంత భాగం కూలిపోయినా, చూడబోయినవారికి ఆ ముంగిలి వల్లనే కట్టడపు స్వరూపం ఈనాటికీ బోధపడుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. పాత మస్జిదుల సహన్‌లు ఇన్ని వందల ఏళ్ళు నిలిచి ఉండగా, మన కాలపు మదర్సాల, కళాశాలల ముంగిళ్ళు ముప్పై నలభై ఏళ్ళు కూడా ఎందుకు నిలవటం లేదు? సౌందర్యదృష్టి లోపించిందని కొందరు అంటారు. నాకు అది పూర్తి సమాధానంగా కనిపించదు. అసలు కారణం చట్టంలో ఉంది, డబ్బులో ఉంది.

మస్జిద్ సహన్ కూడా మస్జిదే. ఒకసారి మస్జిద్‌గా అంకితమైన నేల మరొక వినియోగానికి మారదని ఫుఖహాలు తీర్మానించారు. కనుక సహన్‌లో దుకాణం పెట్టే ఆలోచన ముతవల్లీకి వచ్చినా, ధర్మశాస్త్రం అడ్డు నిలుస్తుంది. మదర్సా ముంగిలికి అలాంటి రక్ష లేదు. అది పత్రంలో "మిగిలిన స్థలం" మాత్రమే. రెండవది - దాత ఒక గది కట్టించి ఇస్తాడు, తండ్రి పేర శిలాఫలకం వేయించుకుంటాడు. బయలు కోసం చందా ఇచ్చినవారిని నేనింతవరకు చూడలేదు. నేను చదివిన ఒక మదర్సా ఇందుకు ఉదాహరణ. పేరు చెప్పవలసిన అవసరం లేదు. వేపచెట్టు కింద అరుగు, దాని ముందు అసర్ తరువాత మేము పరుగెత్తిన నేల ఉండేవి. ప్రతి రమజాన్‌లోనూ ఒక్కొక్క గదికి విరాళం వచ్చింది. ప్రతి గదీ అవసరమైనదే, ప్రతి దాతా సదుద్దేశంతో ఇచ్చినవాడే. చివరికి వేప పోయింది, నేల పోయింది, లోపలి గదుల్లో పట్టపగలు దీపాలు వేసుకుని హదీసు చదువుకోవలసిన స్థితి వచ్చింది. ఎవరినీ నిందించలేని నష్టం ఇది. ఒక్కొక్క గది దగ్గర విడివిడిగా నిర్ణయం జరిగినంత కాలం బయలు తరఫున మాట్లాడేవాడు ఎవడూ ఉండడు.

దీనికి మన శాస్త్రంలోనే ఉపాయం ఉంది. వక్ఫ్ చేసినవాని షరతు శాసనకర్త వాక్యంతో సమానమని ఫుఖహాల ప్రసిద్ధ సూత్రం. వక్ఫ్‌నామాలో గదులను, ఆదాయాన్ని, జీతాలను గురించి రాసినట్లే "ఈ హద్దుల మధ్య గల నేల ముంగిలిగా ఉండవలెను, దానిలో కట్టడము కూడదు" అని ఒక షరతు చేర్చటానికి ఏ అడ్డూ లేదు. సొసైటీల చట్టం కింద నమోదైన సంస్థ అయితే నిబంధనావళిలో చేర్చవచ్చు. ఎంత చిన్న పని! అయినా ఎవరో తప్ప చేయటం లేదు.

ఇప్పుడు మన గడ్డ మీది పెద్ద ఉదాహరణకు వద్దాం. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918 ఫర్మానాతో ఏర్పడింది. అంతకు ఒక సంవత్సరం ముందే, 1917లో, దారుల్ తర్జుమా వెలిసింది. ఉర్దూలో ఉన్నతవిద్య బోధించాలంటే ముందు గ్రంథాలు కావాలి గనుక, విశ్వవిద్యాలయం కంటే అనువాదశాల పెద్దక్క అయింది. (అనువాదకునిగా ఈ సంగతి చెప్పుకోవటంలో నాకు కొంత స్వార్థం ఉంది.) 1919లో తరగతులు నగరం నడుమ అద్దె భవనాల్లో ప్రారంభమయ్యాయి. స్థిరమైన ఆవరణ ఎక్కడ ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు స్కాట్లండ్ దేశీయుడైన పాట్రిక్ గెడ్డెస్‌ను సంప్రదించారు. ఆయన వృక్షశాస్త్రంలో పండితుడు, అప్పట్లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర ఆచార్యుడు. భారతదేశంలో ఎన్నో పట్టణాలను కాలినడకన తిరిగి నివేదికలు రాసినవాడు. వైద్యుడు రోగిని చూసినట్లు ముందు నేలను చూడాలి, ఆ తరువాతనే గీత గీయాలి అన్నది ఆయన సిద్ధాంతం. స్థలాలను పరిశీలించి 1923లో నివేదిక సమర్పించాడు.

ఎన్నికైన నేల నగరానికి తూర్పున ఆడిక్‌మెట్. గుట్టలు, బండరాళ్ళు, వాటి మధ్య పల్లాలు. నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్‌నూ, సయ్యద్ అలీ రజానూ విదేశాల్లోని విద్యాపీఠాలను చూసిరమ్మని పంపింది. కైరో సమీపాన హెలియోపోలిస్ నగరంలో పనిచేసిన బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ నమూనాలు తయారుచేశాడు. 1934 జూలై 5న శంకుస్థాపన జరిగింది, 1939 డిసెంబరు 4న ఆర్ట్స్ కళాశాల భవనాన్ని మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. జాస్పర్ వెళ్ళిపోయిన తరువాత పని నడిపించినవాడు జైన్ యార్ జంగ్.

ఆ గులాబీరంగు రాతిభవనాన్ని గురించి చాలామంది రాశారు. కమానులు, స్తంభాలు, ఏ శైలి ఎక్కడినుండి వచ్చిందన్న చర్చ. వాటిలోకి నేను పోను. గమనించవలసినది దాని ముందున్న నేల. భవనం ఎత్తుమీద కూర్చుంది. ఎదుట నేల విశాలంగా వాలుతూ తోటగా సాగుతుంది. ఆ బయలే లేకపోతే అంత పెద్ద భవనాన్ని చూడటానికి నిలబడే చోటే ఉండదు. కొత్త శాఖలు వచ్చినకొద్దీ కొత్త భవనాలు లేచాయి. కొన్ని దారుల వెంబడి ఒద్దికగా నిలిచాయి, కొన్ని దొరికిన చోట దొరికినట్లు వెలిశాయి. కాని ఆర్ట్స్ కళాశాల ముందు నేలలో మాత్రం ఎవరూ భవనం లేపటానికి సాహసించలేదు. ఆ నేలకు రూపం ఉంది, పేరు ఉంది, విద్యార్థుల సభలకూ ఉద్యమాలకూ అది వేదిక. పదిమందికీ అవసరమైన బయలు తనను తాను కాపాడుకుంటుంది. పేరూ రూపమూ లేని అంచు భూముల సంగతి వేరు. అవి కొంత ఇతర సంస్థలకు పోయాయి, కొంత వ్యాజ్యాల్లో పడ్డాయి.

ఈ అంచు భూముల కథ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మరింత తీవ్రంగా కనబడుతుంది. 1974లో ఏర్పడిన ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదట సరోజినీనాయుడు కుటుంబపు ఇల్లు 'గోల్డెన్ త్రెషోల్డ్'లో నడిచింది. తరువాత గచ్చిబౌలిలో సుమారు 2,300 ఎకరాలు దానికి కేటాయించారు. అప్పట్లో అది ఊరికి దూరపు రాళ్ళ నేల. నగరం అటు నడిచి వచ్చాక ఎకరం విలువ మారిపోయింది. నేల అప్పగించారే గాని హక్కు బదిలీ కాలేదని ప్రభుత్వం వాదించింది. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలను గురించి 2025లో ఎంత అలజడి జరిగిందో పాఠకులకు తెలుసు. మార్చి 30న యంత్రాలు దిగి చెట్లు తొలగించటం మొదలుపెట్టాయి, విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే జోక్యం చేసుకుని పనులు ఆపించింది. 'కంచ' అనే మాటను చూడండి. దక్కన్ రెవెన్యూ భాషలో అది పశువుల మేతకై కంచె వేసి కాపాడిన గడ్డి నేల. ఒట్టోమన్ ప్రభుత్వపు 'మజల్లా' ఊరి సమీపపు నేలలను మేతకు, కళ్ళాలకు, వంటచెరకుకు గ్రామస్థుల ఉమ్మడి వాడుకకు విడిచిపెట్టాలని శాసించింది, భావం ఒకటే. పేరులోనే పని చెప్పుకున్న నేల, పటంలో "ఖాళీ"గా నమోదయ్యేసరికి అమ్మకానికి సిద్ధమైన సరుకుగా కనబడింది.

బయట దేశాల అనుభవం కొంత చూద్దాం. అమెరికాలో థామస్ జెఫర్సన్ వర్జీనియా విశ్వవిద్యాలయాన్ని పొడవాటి పచ్చికబయలు చుట్టూ నిర్మించాడు. 1825లో తరగతులు మొదలయ్యాయి. ఒక కొసన గ్రంథాలయం, ఇరువైపులా ఆచార్యుల ఇళ్ళు, విద్యార్థుల గదులు, రెండవ కొస కొండల వైపు తెరుచుకుని ఉండేది. పెరగటానికి వీలుగా ఉంచిన కొస అది. 1895 అగ్నిప్రమాదం తరువాత కొత్త భవనాలు అవసరమై, 1898 నాటికి ఆ కొసను మూసేశారు. బయలు దక్కింది గాని కొండలు కనుమరుగైనాయి. అదే దేశంలో ఒరెగాన్ విశ్వవిద్యాలయం 1970లలో వాస్తుశిల్పి క్రిస్టఫర్ అలెగ్జాండర్ బృందాన్ని పిలిచింది. వారు పటం ఇవ్వలేదు, పద్ధతి ఇచ్చారు: పెద్ద భవనాలకంటే చిన్నచిన్న మెరుగులకు ఎక్కువ అవకాశం, వాడుకునేవారే నిర్ణయంలో పాల్గొనటం, ప్రతి సంవత్సరం ప్రాంగణం ఆరోగ్యాన్ని పరీక్షించటం, ప్రతి కొత్త భవనమూ తన పక్కనున్న బయలుకు ఒక వైపు గోడగా నిలవటం. ఆ విశ్వవిద్యాలయ ప్రణాళికలో నేటికీ బయళ్ళకు విడివిడిగా పేర్లు, హద్దులు ఉన్నాయి.

ఆచరణలో ఇది ఎలా జరుగుతుందో కొంచెం లెక్కలతో చూస్తే తెలుస్తుంది. ఒక తరగతికీ మరొక తరగతికీ మధ్య పది నిమిషాల విరామం ఉందనుకుందాం. మామూలు నడకకు అది సుమారు 800 మీటర్లు. అంటే తరగతి భవనాలన్నీ 400 మీటర్ల వ్యాసార్ధం గల వలయంలో ఇమడాలి. ఆ వలయం విస్తీర్ణం ఎంత? సుమారు 125 ఎకరాలు. విశ్వవిద్యాలయానికి వెయ్యి ఎకరాలున్నా రెండువేలున్నా, నడక దూరంలో ఉండే గుండెకాయ ఇంతే! కనుక నేల ఎక్కువ ఉన్నదని భవనాలను చెల్లాచెదరుగా కట్టటం పెద్ద పొరపాటు. ఆ 125 ఎకరాలలో నాలుగైదు బయళ్ళను ముందే నిర్ణయించి, భవనాలను వాటి అంచుకు తేవాలి. తలుపు బయలు వైపు ఉండాలి. వీపు తిప్పిన భవనం బయలును పెరడుగా మార్చి చెత్తకుప్పకు స్థలం చేస్తుంది. మూడంతస్తుల భవనం 12 మీటర్ల ఎత్తు అనుకుంటే, బయలు వెడల్పు 25 నుండి 40 మీటర్లు ఉంటే నలుగురు కూర్చునే చావడిలా ఉంటుంది. 12 మీటర్లే ఉంచితే బావి, 100 మీటర్లు చేస్తే ఎడారి. వలయం వెలుపలి నేల నీటికి, చెట్లకు, పొలానికి. ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే సుమారు 40 వేల లీటర్లు; కప్పులూ సిమెంటు బాటలూ పెరిగినకొద్దీ ఆ నీరంతా ఎక్కడికో పోవాలి. ఎక్కడికి పోవాలో భవనానికి ముందే ఆలోచించాలి. వాహనాలు నిలుపు చోటును గురించి వేరుగా చెప్పను. ఈనాడు ముంగిళ్ళను మింగేది గదులకంటే అదే.

ఈ లెక్కలన్నీ మైదాన ప్రాంతానివి. కొండలమీద ఇవి మారతాయి. తూర్పు కనుమల్లో ముంచింగిపుట్టు, పెదబయలు, అరకు వైపు శీతాకాలపు ఉదయం పొద్దెక్కేదాకా మంచు విడవదు. (పెదబయలు - పేరు చూశారా!) హైదరాబాద్‌లో ముంగిలికి నీడ కావాలి, ఇక్కడ ఎండ కావాలి, కనుక బయలు మరింత వెడల్పుగా, తూర్పు తెరపిగా ఉండాలి. వాలును చదును చేయటానికి కొండను అడ్డంగా నరికితే వానకాలంలో ఎర్రమట్టి జారుతుంది. గిరిజన రైతు గెడ్డల వెంబడి మడిమీద మడి కట్టినట్లు, బయలు కూడా మెట్లు మెట్లుగా దిగాలి. గెడ్డ దారిని మళ్ళించి దానిమీద గదులు కట్టినవారికి గెడ్డ ఎప్పుడో ఒకనాడు తన దారి గుర్తుచేస్తుంది.

బయలు చుట్టూ ఊరు పెరగటం ఎలాగో తెలియటానికి ఈ కొండవాసులు విదేశీ గ్రంథాలు చదవనక్కరలేదు. ముంచింగిపుట్టుకు ఆవల మాచ్‌ఖండ్ పరిసరాల్లో, కోరాపుట్ కొండల్లో గదబల పాత ఊళ్ళకు నడుమ 'సొదర్' అనే రాతిపలకల కూడలి ఉంటుంది. గతించిన పెద్దల పేర నిలిపిన రాళ్ళు అవి. బ్రతికున్న పెద్దలు వాటిమీదే కూర్చుని తగవులు తీరుస్తారు. ఇళ్ళు దాని చుట్టూ పెరుగుతాయి. పూర్వీకుల రాళ్ళను గురించిన వారి విశ్వాసం మనది కాదు. కాని ఊరుమ్మడి చోటును తరతరాలుగా ఆక్రమణకు గురికాకుండా నిలుపుకున్న క్రమశిక్షణ గమనించదగినది.

ఈ ప్రాంతానికి ఉన్నతవిద్యతో సంబంధం పాతదే. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పొరుగునున్న జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. వాల్తేరులో విజ్ఞాన కళాశాల ఆయన పేరనే ఉంది. కొండల సొమ్ముతో సముద్రతీరాన కళాశాల వెలిసిందన్నమాట. 2014 పునర్విభజన చట్టంలో గిరిజన విశ్వవిద్యాలయం వాగ్దానం చేశారు. 2019లో ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం దగ్గర కొండకరకంలో తాత్కాలికంగా ప్రారంభమైంది. స్థిర ప్రాంగణానికి మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో సుమారు 560 ఎకరాలు కేటాయించి, 2023 ఆగస్టు 25న శంకుస్థాపన చేశారు. కొండల మధ్య గాక కొండల అంచున, మైదానంలో పెట్టారన్న విమర్శను ఇక్కడ చర్చించబోను.

పైన చెప్పిన లెక్క ప్రకారం ఆ 560 ఎకరాలలో నాలుగో వంతు కూడా తరగతి భవనాలకు అక్కరలేదు. మిగిలిన మూడు వంతులకు పైగా నేలకు ఇప్పుడే పేర్లు పెట్టకపోతే, నగరం ఆ దిక్కుకు నడిచి వచ్చిన రోజున దాని పేరు మరెవరో పెడతారు. ఏ వాలు నీటికి, ఏ తోపు చెట్లకు, ఏ చెలక పంటల పరిశోధనకు అన్నది సర్వే నంబర్లతో సహా పాలకమండలి తీర్మానంలో ఎక్కాలి; హక్కు పత్రం విశ్వవిద్యాలయం పేర ఉన్నదో లేదో మొదటి సంవత్సరాల్లోనే తేల్చుకోవాలి. నడుమ ఒక బయలు మాత్రం థింసా నాట్యానికి చాలినంత ఉండాలి. చేతులు కలుపుకుని వరుసగా తిరిగే ఆ నాట్యానికి వేదికకంటే చదునైన నేల కావాలి, చుట్టూ కూర్చునేవారికి మెట్లు కావాలి, చెప్పులు విడవటానికి ఒక చెట్టు నీడ కావాలి. ముంచింగిపుట్టు నుండి వచ్చే పిల్లవాడికి ఆ ప్రాంగణంలో దారి అడగకుండానే తెలిసే చోటు అదొక్కటే అవుతుంది.